అద్దం పగిలితే క్లెయిమ్ పెట్టాలా? లెక్క వేసుకోండి, కానీ గోడ కథ మాత్రం రాయకండి

ప్రశ్న: మేడం, మాది అనంతపురం. పోయిన ఆదివారం కర్నూలు నుంచి వస్తుంటే గుత్తి దాటాక ముందు పోతున్న కంకర టిప్పర్ నుంచి రాయి ఎగిరొచ్చి కారు ముందు అద్దానికి తగిలింది. అప్పుడు శనగగింజంత చుక్క, మరుసటి రోజు మధ్యాహ్నానికి జానెడు గీత. టిప్పర్ నంబరు చూసుకోలేదు. బండి ఇంజిన్ 1197 సీసీ. షోరూమ్‌లో 9,800 అవుతుందన్నారు. పాలసీ రెన్యూవల్‌కు 40 రోజులుంది, క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇప్పుడు 35 శాతం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, వస్తోంది. అద్దం క్లెయిమ్‌కు బోనస్ పోదని ఏజెంటు అంటున్నాడు. బంపర్ మీద పాత గీతలు కూడా ఉన్నాయి, గోడకు గుద్దుకుందని రాసి రెండూ ఒకే క్లెయిమ్‌లో పెట్టేద్దామని మెకానిక్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: గోడకు గుద్దుకుందని రాయకండి. డబ్బు లెక్క తర్వాత చూద్దాం, ముందు ఇది. క్లెయిమ్ ఫారం కింద సంతకం పెట్టేది మీరు, మెకానిక్ కాదు. రేపు కంపెనీ నుంచి నోటీసు వస్తే అది మీ ఇంటికే వస్తుంది, గ్యారేజీకి పోదు. రాయి తగిలిన అద్దం మీద చిన్న గుంట ఉంటుంది, గీతలన్నీ అక్కడి నుంచే బయల్దేరతాయి. బంపర్ పాత గీతల్లో దుమ్ము పేరుకుని ఉంటుంది. నష్టం అంచనా వేయడానికి వచ్చి రోజూ ఇవే చూసే సర్వేయరుకు ఇది పట్టుకోవడం ఎంతసేపు? అబద్ధమని తేలితే బంపర్ డబ్బులు ఒక్కటే పోవు, న్యాయంగా మీకు రావాల్సిన అద్దం డబ్బులు కూడా పోతాయి, ఎందుకంటే తప్పుడు సమాచారం ఇచ్చాడని క్లెయిమ్ మొత్తం కొట్టేసే హక్కు పాలసీ షరతుల్లోనే కంపెనీకి ఉంటుంది. మరీ ముదిరితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్, అంటే మోసం కేసు దాకా పోవచ్చు. ఇలా ఒక్క వాక్యం మార్చి రాసి, నిజమైన నష్టానికి కూడా పైసా రాక నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. వాళ్లలో ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కాదు, ఎవరో చెప్పారని రాసేశారంతే. బంపర్‌కు క్లెయిమ్ కావాలంటే అది వేరే సంఘటన, అసలు తేదీ, అసలు కారణంతో వేరే ఫారం పెట్టాలి, డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీ జేబు నుంచి పెట్టుకోవాల్సిన వాటా, కూడా వేరేగా కట్టాలి.

ఇప్పుడు అద్దం సంగతి. మీకు నో క్లెయిమ్ బోనస్ వస్తోందంటేనే ఓన్ డ్యామేజ్ కవర్, అంటే సొంత బండి నష్టానికి బీమా, ఉన్నట్టు, కాబట్టి అద్దానికి క్లెయిమ్ అర్హత ఉంది. ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చే ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉన్నవాళ్లకు మాత్రం సొంత బండి అద్దానికి రూపాయి రాదు. గాజు భాగాలకు తరుగుదల కోత లేదు, బండి ఎంత పాతదైనా అద్దం ధర పూర్తిగా లెక్కలోకి వస్తుంది. తరుగుదల కోత లేకుండా ఇచ్చే జీరో డెప్ కవర్ తీసుకోలేదే అని ఈ విషయంలో బాధపడక్కర్లేదు. అయితే చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌కు సగమే ఇస్తారు, అతికించే సీలెంట్‌కు కన్స్యూమబుల్స్ యాడ్ ఆన్, అంటే ఇలాంటి వాడి పారేసే సామాన్లకు తీసుకునే అదనపు కవర్, ఉంటేనే ఇస్తారు. వీటన్నిటి మీద 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయల తప్పనిసరి డిడక్టిబుల్ మీరే భరించాలి, అంతకు మించితే 2,000.

మీ 9,800లో అద్దం 7,600, బీడింగ్ 600, సీలెంట్ 700, కూలీ 900 అనుకుందాం. కంపెనీ లెక్కలో 7,600, 300, 900 కలిపి 8,800, అందులో వెయ్యి తీస్తే మీ చేతికి 7,800.

పోయేది ఎంతో చూడండి. క్లెయిమ్ లేకపోతే వచ్చే రెన్యూవల్‌కు మీ బోనస్ 45 శాతం, ఆ పై ఏడాది 50, తర్వాత అక్కడే నిలుస్తుంది. క్లెయిమ్ పెడితే సున్నా, ఆ తర్వాత 20, 25, 35, 45 అని మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఐదేళ్లలో తేడా 45, 30, 25, 15, 5, అన్నీ కలిపితే 120 శాతం. ఈ బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద మాత్రమే, థర్డ్ పార్టీ ప్రీమియం మీద ఉండదు. బోనస్ తీయకముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుంటే ఐదేళ్లలో మీరు పోగొట్టుకునేది 9,600. బండి పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క కొంచెం తక్కువే ఉండొచ్చు, అయినా 7,800 కోసం ఇంత వదులుకోవడం నాకైతే నచ్చదు. మీ పాలసీ కాగితం తీసి 8,000 స్థానంలో మీ అంకె పెట్టుకుని చూడండి.

మీ ఏజెంటు మాట నమ్మి ముందుకెళ్లకండి. నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉంటే ఆయన చెప్పింది నిజం కావచ్చు, అదీ ఏడాదికి ఎన్ని క్లెయిముల వరకో అందులోనే రాసి ఉంటుంది. అది లేకపోతే అద్దమైనా ఇంజినైనా క్లెయిమ్ క్లెయిమే. "పోదు అని రాతపూర్వకంగా ఇవ్వండి" అని కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి, జవాబు ఏమొస్తుందో అదే లెక్క. ఇంకోటి, ఇక్కడ క్లెయిమ్ తీసుకుని రెన్యూవల్ వేరే కంపెనీలో చేయించి క్లెయిమ్ లేదని డిక్లరేషన్ ఇచ్చేవాళ్లున్నారు. కంపెనీలు పాత కంపెనీని అడిగి తెలుసుకుంటాయి, తర్వాతెప్పుడో పెద్ద యాక్సిడెంట్ అయినప్పుడు ఆ అబద్ధం బయటపడితే ఇంటిల్లిపాదీ ఏడవాలి.

కొత్త మోడళ్లలో అద్దానికి కెమెరా, వర్షం సెన్సార్ ఉంటాయి, బిల్లు మామూలు అద్దానికి ఎన్నో రెట్లు అవుతుంది. అలాంటి బండైతే, లేదా బోనస్ ఇంకా 20 దగ్గరే ఉంటే, వెనకాడకుండా క్లెయిమ్ పెట్టమంటాను. అప్పుడు కూడా అద్దం మార్చకముందే కంపెనీకి చెప్పాలి, వాళ్లు చూడకముందే తీసేస్తే నష్టం రుజువు చేసుకోలేరు. ఫొటోలు దూరం నుంచి ఒకటి, గుంట కనిపించేలా దగ్గర నుంచి ఒకటి తీసి పెట్టుకోండి. రెండు మూడు రోజులు ఆలస్యమైందని భయపడకండి, కేవలం ఆలస్యం ఒక్కదాన్నే సాకుగా చూపి నిజమైన క్లెయిములు తిరస్కరించొద్దని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011 సెప్టెంబర్ 20 సర్క్యులర్‌లోనే చెప్పింది. అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నెలలోపు జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఫీజు లేదు. లేదంటే 2019 వినియోగదారుల చట్టం కింద మీ ఊర్లోనే, అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, గడువు రెండేళ్లు.

టిప్పర్ మీద కోపం న్యాయమైనదే. టార్పాలిన్ కప్పకుండా కంకర తోలే బండి వెనకాల రోజూ ఎంతమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోతున్నారో హైవే మీద తిరిగేవాళ్లందరికీ తెలుసు. మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో ఆస్తి నష్టానికి కూడా పరిహారం అడగొచ్చు, కానీ నంబరు, సాక్ష్యం రెండూ లేకుండా కేసు నిలబడదు. ఇంకోసారి అలాంటిది కనిపిస్తే నంబరు గుర్తుపెట్టుకుని, బండి పక్కన ఆపాక హైవే హెల్ప్‌లైన్ 1033కు చెప్పండి.

ఈలోగా ఆ గీతతో తిరక్కండి. ఎండలో నిలబెట్టిన కారులో ఏసీ ఒక్కసారిగా పెద్దది పెడితే గీత ఇంకా పాకుతుంది, నా సొంత కారుకు కోర్టు ఆవరణలోనే అలా అయింది, పొద్దున వేలెడున్నది సాయంత్రానికి అద్దం ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. లోపమున్న బండిని తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద జరిమానా కూడా వేయొచ్చు. బయట షాపులో తక్కువకు వేయించుకుంటే తప్పులేదు, కానీ కొత్త అద్దం మూల మీద ఐఎస్ఐ గుర్తు, లామినేటెడ్ అన్న ముద్ర చూశాకే డబ్బివ్వండి, బిల్లు తీసుకోండి. అలాగే పాత అద్దంతో పాటు ఫాస్టాగ్ పోతుంది, గీకి తీసి మళ్లీ అంటిస్తే పనిచేయదు. అద్దం వేయించే ముందే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకును రీప్లేస్‌మెంట్ అడగండి, లేకపోతే మళ్లీ కర్నూలు పోయేటప్పుడు కాసేపల్లి టోల్ దగ్గర ఒకసారి, అమకతాడు దగ్గర ఇంకోసారి ఎక్కువ కట్టాల్సి వస్తుంది.