డీఎన్‌ఏ సెన్సర్లు చేయాలంటే బయోటెక్నాలజీయే చదవాలా?

ప్రశ్న: బీఎస్సీ బీజడ్‌సీ ఫైనలియర్‌లో ఉన్నాను. రోగక్రిమి డీఎన్‌ఏను చిన్న ఎలక్ట్రోడ్‌తో పసిగట్టే బయోసెన్సర్ల మీద పరిశోధన చేయాలనుంది. ఇంట్లో బయోటెక్నాలజీలో చేరమంటున్నారు. నాకేమో కెమిస్ట్రీ ఇష్టం. ఏది మేలు?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: నిశ్చింతగా ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరండమ్మా. ఈ సెన్సర్‌లో అసలు కష్టమంతా ఎలక్ట్రోడ్ ఉపరితలం మీదే ఉంటుంది, అది కెమిస్ట్రీ పని. మనకు కావాల్సిన క్రమానికి సరిపడే డీఎన్‌ఏ ఒంటిపోగును, చివర గంధకం ఉన్న థయాల్ తగిలించి, బంగారు ఎలక్ట్రోడ్‌కు అతికిస్తారు. శాంపిల్‌లో దాని జత పోగు ఉంటే రెండూ పెనవేసుకుంటాయి. అప్పుడు గుర్తుగా వాడే మిథిలీన్ బ్లూ లాంటి రంగు పదార్థం ఇచ్చే కరెంటు మారుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ పోగులు మరీ ఒత్తుగా ఉంటే జత పోగుకు చోటు దొరకదు. పలచగా ఉంటే ఖాళీ బంగారం మీద రక్తంలోని ప్రోటీన్లు అంటుకుని సిగ్నల్‌ను పాడుచేస్తాయి. అందుకే ఆ ఖాళీలను మెర్‌కాప్టోహెక్సనాల్ అనే చిన్న థయాల్‌తో కప్పుతారు. బఫర్‌లో (శుభ్రమైన ల్యాబ్ ద్రావణంలో) చక్కగా పనిచేసిన సెన్సర్ సీరమ్‌లో (రక్తం నుంచి తీసిన ద్రవంలో) మొండికేసేది ఎక్కువగా ఇక్కడే. డీఎన్‌ఏ కాపీలను పెంచే పీసీఆర్, దానికి కావాల్సిన చిన్న డీఎన్‌ఏ ముక్కలను రూపొందించే ప్రైమర్ డిజైన్ తర్వాతైనా నేర్చుకోవచ్చు, బయాలజీ పునాది మీకు ఎలాగూ ఉంది.

ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్ ప్రవేశ పరీక్ష రాయండి. కొన్ని సంస్థలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలంటాయి. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు ఇది చూసుకోక చివర్లో టెన్షన్ పడతారు. నోటిఫికేషన్‌లో అర్హతలు ముందే చదవండి. పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్ రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, వీటికి హెచ్‌ఆర్‌ఏ అదనం. తమిళనాడులోని కారైకుడిలో ఉన్న సీఎస్‌ఐఆర్-సీఈసీఆర్‌ఐ ఎలక్ట్రోకెమిస్ట్రీకే అంకితమైన సంస్థ. దాన్ని తప్పకుండా దృష్టిలో పెట్టుకోండి.

ఉద్యోగాల గురించి ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయను. 'డీఎన్‌ఏ సెన్సర్' పేరుతో మనదేశంలో ప్రకటనలు అరుదు. పీహెచ్‌డీ లేకుండా ఈ రంగంలో ఎదగడం కష్టం. కానీ మీరు నేర్చే వోల్టామెట్రీ (వోల్టేజీ మారుస్తూ కరెంటును కొలవడం), ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డును కొలవడం) పద్ధతులు గ్లూకోజ్ స్ట్రిప్స్ తయారీలోనూ, బ్యాటరీ పరిశోధనలోనూ పనికొస్తాయి. ఈ మాట వాళ్లకు చెప్పండి.

ఇక చేతిపని. అల్యూమినా పొడితో ఎలక్ట్రోడ్‌ను అద్దంలా పాలిష్ చేసి, ఫెర్రిసయనైడ్ ద్రావణంలో సైక్లిక్ వోల్టామెట్రీ తీయడం నేర్చుకోండి. గ్రాఫ్‌లో కనిపించే రెండు శిఖరాల మధ్య దూరం 59 మిల్లీవోల్టులకు దగ్గరగా వచ్చేదాకా వదలొద్దు. కాబట్టి ఎమ్మెస్సీ సీటు ఎంచుకునే ముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఈ కొలతలు తీసే పొటెన్షియోస్టాట్ పరికరం ఉందా, ఉంటే విద్యార్థుల చేతికిస్తారా అని అక్కడి సీనియర్లను అడగండి.