చమురు, ఖనిజాల లెక్కలు అడిగే చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఖనిజ ఆదాయంలో పారదర్శకత మీద ఏడాది మాస్టర్స్ చేస్తానంటోంది. మేం చార్టర్డ్ అకౌంటెన్సీ చదవమంటున్నాం. పెద్దవాళ్లతో పెట్టుకునే పని కదా అని కూడా దిగులుగా ఉంది. రెంటిలో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, మీ బెంగంతా ఆ 'పెట్టుకునే పని' దగ్గరే ఉందండీ. ప్రమాదం లేదని నేను అనను. అయితే అది ఎక్కువగా గని పక్కనే ఉంటూ నిలదీసే స్థానికులకు, విలేకరులకు. ఈ చదువు మీ అమ్మాయిని తీసుకెళ్లేది చాలావరకు బల్ల ముందుకే. చమురు, గనుల ఆదాయం లెక్కలు బయటపెట్టడానికి ఈఐటీఐ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని కింద కంపెనీలు కట్టామన్న మొత్తాన్నీ, ప్రభుత్వం అందిందన్న మొత్తాన్నీ సరిపోల్చి తేడాలు బయటపెడతారు.

ఇక ఆ మాస్టర్స్. సుపరిపాలన పేరుతో వచ్చే ఏడాది కోర్సుల మీద నాకు అంత గురి లేదు. చాద్ దేశం కథ చెబుతారు: చమురు డబ్బు పేదల కోసం ఖర్చు పెట్టాలని 1999లో చట్టం చేసి, ప్రపంచ బ్యాంకు సాయంతో పైప్‌లైన్ వేయించుకుని, 2003లో చమురు పారిన కొద్ది ఏళ్లకే ఆ చట్టాన్ని సడలించుకుంది. 2008లో బ్యాంకు తప్పుకుంది. మంచి వ్యాసం రాయవచ్చు. కానీ ఒక కంపెనీ తన ఖనిజాన్ని పన్ను తక్కువ ఉన్న దేశంలోని సొంత అనుబంధ సంస్థకే చవకగా అమ్ముకుంటే? రాయల్టీని, అంటే ఖనిజం తవ్వుకున్నందుకు ప్రభుత్వానికి కట్టాల్సిన వాటాను, ఆ చవక ధర మీదే లెక్కగడితే ఖజానాకు గండి పడినట్టే. ఇన్‌వాయిస్‌లోని టన్ను ధర, లోహ శాతం, ఆ రోజు మార్కెట్ ధర పక్కపక్కన పెట్టి పట్టుకోవడానికి వ్యాసాలు సరిపోవు, లెక్కలు రావాలి. కాబట్టి ముందు అకౌంటెన్సీ. మాస్టర్స్ తర్వాతైనా చేయవచ్చు.

మీ మాటే నెగ్గిందని సంబరపడకండి. ఈ కోరిక ఆమెకు ఎందుకు పుట్టిందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడగకుండానే వద్దన్నారన్నమాట. ఉద్యోగాల గురించి కంగారు వద్దు. పన్నుల శాఖలు, ప్రభుత్వ ఆడిట్ సంస్థలు, ఆడిట్ కంపెనీలు, బ్యాంకులు అన్నిటికీ ఇలాంటి చూపున్న మనిషి కావాలి.

ఈఐటీఐ దేశాల నివేదికలు ఉచితంగానే దొరుకుతాయి. ఒకటి తెరిచి ఆమె పక్కన కూర్చోండి. కథనం చదివి ఆగుతుందో, వెనక ఉన్న పట్టికల్లోకి వెళుతుందో చూడండి. పట్టికల్లోకి వెళితే అకౌంటెన్సీకి మీరు ఒప్పించాల్సిన పని ఉండదు.