ఆ పిల్లలకు ఆమె గుర్తుండదు

చిరంజీవికి ఆశీస్సులు.

మహారాష్ట్ర పల్లెల్లో పసిపిల్లల చదువు కోసం పనిచేసిన అనుతాయి వాఘ్ మీద నువ్వు రాసి పంపిన నివాళి వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది, దానికి నా సాయం అక్కర్లేదు. కానీ మొదటి పేజీలోనే ఆమెను దీపం అన్నావు, వటవృక్షం అన్నావు, కనకుండానే తల్లయింది అన్నావు. మూడూ కొట్టేశాను. ఏ సంస్మరణ సభలో ఎవరి ఫోటో కిందైనా సరిపోయే మాటలివి.

పసిపిల్లల చదువు కోసం జీవితమంతా వెచ్చించినవాళ్ల గురించి రాయడంలో ఒక చిక్కుంది. హైస్కూలు మాస్టారి గురించైతే పాత విద్యార్థులు పోటీపడి చెబుతారు. మూడేళ్ల పిల్లకు చేతులు కడుక్కోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం నేర్పినావిడ సంగతి వేరు. ఆ పిల్ల పెద్దయ్యాక ఆవిడ ముఖం కూడా గుర్తుండదు. నేర్చుకున్నది ఒంట్లో ఉండిపోతుంది, ఎవరు నేర్పారో తెలియకుండానే. అందుకే ‘ఆమె చేతుల మీదుగా ఎదిగిన పిల్లలు ఆమెను ఎన్నటికీ మరువలేరు’ అన్న నీ వాక్యం నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ సాక్షులు దొరకరు. ఆవిడ చేసిన పనినే దగ్గరగా చూపించాలి.

1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ ఊళ్లో తారాబాయి మోడక్ గ్రామ బాల శిక్షా కేంద్రం మొదలుపెట్టినప్పుడు అనుతాయి ఆమెతో చేరారు. తారాబాయి అంతకుముందే గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో విద్యావేత్త గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసి, పిల్లలు వస్తువులను చేత్తో పట్టుకుని తమంతట తామే నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిని ఆకళింపు చేసుకున్న మనిషి. అయితే ఆ పద్ధతికి వాడే సామాను ఖరీదైనది, పల్లె బడికి అందేది కాదు. బదులుగా గింజలు, గవ్వలు, గులకరాళ్లు, ఆకులు వచ్చాయి. నువ్వు దీన్ని ‘స్థానిక వనరుల వినియోగం’ అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకెళ్లిపోయావు. అయ్యో, ఆగాల్సింది అక్కడే కదా! ఏ బాలవాడిలోనైనా, అంటే బడి ఈడు రాని పిల్లల బడిలో, ఒక పూట కూర్చుని చూడు. పిల్ల ముందు గింజల కుప్ప ఉంటుంది. పెద్దవి ఇటు, చిన్నవి అటు వేస్తూ పోతుంది. ఎటూ చెందని ఒక గింజ చేతిలో మిగులుతుంది. దాన్ని పట్టుకుని టీచరు ముఖంలోకి చూస్తుంది. టీచరుకు నోటిదాకా వచ్చిన జవాబు మింగేసి, ఊరికే ఉండాలి. అది ఎంత కష్టమో పిల్లలున్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ ఓపికను పాఠకుడికి చూపించగలిగితే ఆవిడ గొప్పతనం గురించి నువ్వు వేరే చెప్పనక్కర్లేదు.

దళితవాడ పిల్లలు బాలవాడికి రాలేదు. బడే వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. పశువులు కాసే పిల్లల కోసం మేతబీళ్లలోకి వెళ్లింది. 1957లో కేంద్రం కోస్‌బాడ్ కొండకు మారాక, వార్లీ గిరిజనుల ఇళ్లలో చంటిబిడ్డను చంకనేసుకుని తిరిగే అక్కల సంగతి ఆలోచించారు. చంటివాళ్లకు శిశు సంరక్షణ, కాస్త పెద్దవాళ్లకు బాలవాడి, ఆ అక్కకు ప్రాథమిక బడి ఒకే చోట పెట్టారు. పిల్ల బడికి రాకపోతే తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని నిట్టూర్చి ఊరుకోవడం మనకు అలవాటు. వీళ్లు మాత్రం ఆ పిల్ల ఈ వేళప్పుడు ఎక్కడుంది, ఏం చేస్తోంది అని వెతుక్కుంటూ వెళ్లారు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలి. ప్రస్తుతం ఇది మూడో పేజీ చివర ఒక మూల నక్కి ఉంది.

అనుతాయికి పదమూడేళ్లకు పెళ్లి, ఆరు నెలలకే వైధవ్యం. ఈ భాగానికి ఒకటిన్నర పేజీ ఇచ్చావు. రెండు వాక్యాలు చాలు. పాఠకుడు కన్నీళ్లు పెట్టుకుంటాడు, నిజమే. కానీ ఆ తర్వాత ఆవిడ చేసిన ప్రతి పనీ ఆ దుఃఖాన్ని మరిచిపోవడానికే చేసినట్టు కనిపిస్తుంది. నాలుగు దశాబ్దాలకు పైగా ఆలోచించి, మార్చి, నిలబెట్టిన పనిని ఓదార్పు కింద జమకట్టడం అన్యాయం.

1985 పద్మశ్రీకి ఒక్క వాక్యం ఉంచాను.

‘దేశంలోని అంగన్‌వాడీలన్నీ ఆమె సృష్టే’ అన్నావు. ఇది ఒప్పుకోను. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు వచ్చాయి. అందులో పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు కూడా ఉన్నాయి. దాని వెనుక చాలామంది ఉన్నారు. బడిని వాకిట్లోకి తీసుకెళ్లే ఆలోచనకు బోర్డీలో దారి పడిందని రాయి. తారాబాయి పేరు వదలకు. ఇద్దరు కలిసి ఎత్తిన బరువును ఒక్కరి నెత్తిన పెడితే అనుతాయి కూడా సంతోషించరు.

ఇంకొకటి చేర్చాలి. ఈరోజు ఆ పనే చేస్తున్న అంగన్‌వాడీ టీచర్లకు ప్రభుత్వ లెక్కల్లో ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. నివాళి వ్యాసంలో ఈ ప్రస్తావన ఎందుకని సంపాదకుడు అడగొచ్చు. అడగనీ. ఆయన కొట్టేస్తే కొట్టేయనీ, నీ అంతట నువ్వు మాత్రం తీసేయకు.

ఆవిడ 1992లో కన్నుమూశారన్న వాక్యం దగ్గర వ్యాసం ఆపేశాను. దాని తర్వాత ఆశయాలు, అడుగుజాడలు అంటూ రాసిన పేరా మొత్తం తీసేశాను. కావాలంటే పోట్లాడు, వింటాను. తిరగరాసి పంపేటప్పుడు కాగితానికి ఒకవైపే రాయి, మార్జిన్ ఎక్కువ వదులు. నా దిద్దుబాట్లకు ఈసారి చోటు చాల్లేదు.