పాత లివర్-యాక్షన్ .22 రైఫిల్‌కు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

టెక్సాస్‌లో మీ పక్కింటి పెద్దాయన ఊరు మారుతూ వించెస్టర్ లాంటి పాత .22 రైఫిల్ (ట్రిగ్గర్ కింది లివర్‌ను ఆడిస్తే సన్న .22 తూటా ఎక్కేది) ఇచ్చారనీ, పేల్చాక ఖాళీ కేసు, అంటే తూటా గుల్ల, బయటికి రావడం లేదనీ, భాగాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పమనీ అడిగారు. తిరకాసంతా ఆ ‘లాంటి’లోనే ఉంది. పైకి 1894 నాటి కౌబాయ్ తుపాకిలా కనిపించే .22లు చాలా ఉన్నాయి. లోపల మాత్రం ఒకదానికీ మరొకదానికీ పొంతన ఉండదు. ముందు తయారు చేసినవాడెవరో తెలుసుకోండి, కొనడం తర్వాత.

నాది జర్మనీలోని డాఖావ్‌లో ఎర్మా వారు చేసిన ఈజీ 712. ఆ కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. ఖాళీ కేసును పట్టి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొన విరిగినప్పుడు ఆ ముక్కను మాత్రల డబ్బాలో వేసుకుని డల్లాస్ దగ్గర జరిగిన ఒక గన్ షోకు వెళ్లాను. ఒక బల్ల దగ్గర అమ్మకందారు దానివైపు తిరిగి కూడా చూడకుండా, ‘వించెస్టరే కదా, అన్నీ ఒకటే’ అంటూ పెద్ద తూటా వాడే .30-30 వించెస్టర్ 94 భాగం ఒకటి చేతిలో పెట్టాడు. నా ముక్కకు అది రెండింతలుంది. ఆకురాయితో అరగదీస్తే సరిపోతుందని సలహా కూడా ఇచ్చాడు! పక్క బల్ల దగ్గర పాత బిస్కెట్ డబ్బాల నిండా స్ప్రింగులు, పిన్నులు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. నా ముక్కను కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసి, ‘బ్యారెల్ మీద ఏమని రాసి ఉంది?’ అని అడిగాడు. చెప్పాను. ‘అయితే నువ్వు ఇథాకా పేరుతో వెతకాలి’ అన్నాడు. 1970లలో ఇదే తుపాకిని అమెరికాలో ఇథాకా 72 శాడిల్‌గన్ పేరుతో అమ్మారు. ఆయన డబ్బాలో ఆ భాగం లేదు. కానీ ఆ పేరుతో వెతికితే న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూమ్రిచ్ లాంటి పాత భాగాల దుకాణాలూ, విప్పి అమ్మేసిన తుపాకులూ కనిపించడం మొదలైంది. అలా దొరికిన ఎక్స్‌ట్రాక్టర్ ఆకురాయి అవసరం లేకుండానే కూర్చుంది. ఇప్పుడు అమ్ముతున్న హెన్రీ .22 కూడా ఈ నమూనా నుంచి వచ్చినదే. అంతమాత్రాన దాని భాగాలన్నీ దీనికి సరిపోతాయని నమ్మకండి. కొలిచి కొనండి.

అసలు మీకు ఏ భాగమూ అక్కర్లేకపోవచ్చు. బ్యారెల్ కింద తూటాలుండే ట్యూబును బయటికి తీసి, లివర్‌ను నాలుగైదు సార్లు ఆడించి, ఛాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే చోట) తూటా లేదని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. .22 గుళ్లకు పూసే మైనం, సీసం, మసి కలిసి ఛాంబర్‌లో గట్టి పొరగా పేరుకుంటాయి. కేసు ఇరుక్కుపోవడానికి పదింట ఎనిమిది సార్లు అదే కారణమని నా గట్టి నమ్మకం. ముందు ఆ పొరను తీసేయండి. బ్యారెల్‌ను మాత్రం అదేపనిగా తోమకండి. మూతి వైపు నుంచి ఇనుప కడ్డీ దూర్చి తోమి తోమి గురి చెడగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. వెనకనుంచి ముందుకు లాగే మెత్తటి కేబుల్ వాడండి. నూనె చుక్క చాలు. తూటాలుండే ట్యూబులో ఆ చుక్క కూడా వద్దు.

ఛాంబర్ శుభ్రం చేశాక కూడా కేసు రాకపోతే ఛాంబర్ అంచును చూడండి. .22 లాంటి రిమ్‌ఫైర్ తుపాకుల్లో పిన్ను కొట్టేది తూటా అంచును. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఆ దెబ్బ ఛాంబర్ అంచు మీద పడి అక్కడ లోహం ఉబ్బవచ్చు, కేసు అక్కడే పట్టేయవచ్చు. దాన్ని సరిచేయడం గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) పని. ఈ విషయంలో మా స్నేహితుల మీద నాకు చాలా కోపం ఉంది. కృష్ణ కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన తరం కదా! ఇంటికి భోజనానికి వచ్చిన ప్రతివాడికీ లివర్ టకటకా తిప్పి, ట్రిగ్గర్ నొక్కి, ఫొటో దిగాలి. ఇప్పుడు తుపాకి బీరువాలోనే ఉంటుంది, తాళం నా దగ్గరే ఉంటుంది. సాధన కోసం ఉత్తినే నొక్కాలనిపిస్తే హార్డ్‌వేర్ దుకాణంలో గోడకు వాడే పసుపు ప్లాస్టిక్ ప్లగ్గులు, నాలుగు-ఆరు నంబరువి, తెచ్చి ఛాంబర్‌లో పెడతాను. ఇక్కడి .22 వాళ్లలో చాలామంది చేసే పనే ఇది.

స్క్రూడ్రైవర్ గురించి కూడా చెప్పాలి. సెకండ్ హ్యాండ్ తుపాకి ఏది చూసినా స్క్రూల తలలు నమిలేసినట్టే ఉంటాయి. ఇంట్లో వాడే స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది, గాడిలో నిలవక జారుతుంది. గన్‌స్మిత్‌లు వాడే సమాన మందం మొనలున్నవి కొనండి. నా ఎర్మా లాంటి వాటి పై తొడుగు మిశ్రమ లోహం, ఉక్కు కాదు. దాని మీద ఉక్కుకు రంగు పట్టించే మందులు పూయకండి.

వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది మీ వీసా. గ్రీన్ కార్డు ఉంటే సరే. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉంటే, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకి దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఎవరో ఊరికే ఇచ్చారన్నా కుదరదు. మీ ప్రశ్నలో ఆ సంగతి లేదు కాబట్టి అడుగుతున్నాను, మీరు ఏ వీసా మీద ఉన్నారు?