డప్పుతో కాంటెంపరరీ: ముందు దరువు, తర్వాతే ట్రాక్

నలుగురు డప్పు కళాకారులు, 8 మంది కాంటెంపరరీ (ఆధునిక నృత్యం) డాన్సర్లు, 12 నిమిషాల స్టేజీ అంశం: ఇదీ మీరడిగిన ప్రశ్న. ముందే రికార్డు చేసిన సంగీతం ట్రాక్ రెడీగా ఉన్నా డప్పు దానికి అతకడం లేదన్నారు. అతకదు. డప్పు దరువులు చాలా మూడు మాత్రల ఊపు మీద నడుస్తాయి. మీ ట్రాక్ నాలుగు లెక్కలో ఉండి ఉంటుంది. దాంతో వాయించేవాళ్లు తెలియకుండానే నాలుగులోకి జారిపోతారు, ఆ ఊపు చచ్చిపోతుంది.

ముందు నలుగురి చేతా క్లిక్ (చెవిలో వినిపించే తాళపు టిక్కు) లేకుండా వాయించి రికార్డు చేయండి. వేగం దానంతటదే పెరుగుతుంది, పెరగనివ్వండి. నిమిషానికి 100 బీట్ల దగ్గర మొదలై 140 దాకా పోయినా పర్లేదు. సింథసైజర్, బేస్ ఆ రికార్డింగ్ మీద కట్టించండి. షోలో డప్పు లైవ్, మిగతాది ముక్కలుగా కోసుకుని ఒక మనిషి డప్పు వింటూ ఒక్కోటీ చేత్తో ప్లే చేయాలి. 12 నిమిషాల ఒకే ఫైలు పెట్టారో, మధ్యలో ఎక్కడో తప్పుతుంది.

డాన్సర్లకు స్టెప్పుల కంటే ముందు చెవి కావాలి. కుడిచేతి లావు కర్ర, సిర్రది బరువైన దెబ్బ; ఎడమచేతి సన్న పుల్ల, చిటికెన పుల్లది సన్నటి దెబ్బ. సిర్ర దెబ్బకు పాదం, పుల్ల దెబ్బకు భుజం, మెడ కదలాలి. మొదటి వారం ఇంతే చేయించండి. మోకాలు వంగి, బరువు నేలలోకి దిగాలి. కాంటెంపరరీ వాళ్లు అలవాటుగా పైకి లేస్తారు, అక్కడే అతుకు కనిపిస్తుంది. డప్పు ఎడమ భుజానికి వేలాడుతుంది కాబట్టి వాయించేవాళ్లకు జోరు గిరికీలు పెట్టకండి. డప్పు ఊగి దెబ్బ తప్పుతుంది.

ఊళ్లో ఆట గుండ్రంగా, లోపలికి తిరిగి ఉంటుంది. స్టేజీ మీద అలాగే పెడితే జనానికి వీపులే. అలాగని వరసలో నిలబెడితే కవాతే. లాడం ఆకారంలో ముందువైపు తెరవండి.

అసలు ప్రమాదం తోలు. మంట దగ్గర కాచి బిగించిన డప్పు ఏసీ హాల్లో చల్లబడి, చెమ్మ పీల్చుకుని డొబడొబమంటుంది. లోపల మంట ఒప్పుకోరు. వింగ్‌లో (స్టేజీ పక్క తెర చాటున) హాలోజన్ లైటు పెట్టి, తోలుకు మూరెడు దూరంలో కాచండి. దగ్గరైతే పగులుతుంది. కాచినవి రెండు అదనంగా ఉంచండి. పొగ మెషీన్ డప్పుల పక్కన వద్దు. ఫైబర్ డప్పుకు ఈ తంటా లేదు గానీ, రేకు డబ్బా మోతే.

పోస్టర్ మీద 'జానపద బృందం' అని సరిపెట్టకుండా నలుగురి పేర్లూ వేయండి. రిహార్సల్ రోజులకు డాన్సర్లకిచ్చేదే వాళ్లకూ ఇవ్వండి.