బియ్యం బస్తాకు వెల కట్టారు, అన్నయ్యకు తలుపు తీయలేదు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. కాకినాడలో ఒక బట్టల షాపులో పనిచేస్తున్నాను. మా ఆయన బైక్ స్పేర్ పార్టుల షాపు పెట్టి నష్టపోయారు. ఇప్పుడు ఒకరి దగ్గర వ్యాను నడుపుతున్నారు. రెండేళ్ల క్రితం 10,20,000 ఉన్న అప్పు ఇప్పటికి 8,60,000కు దిగింది. అందులో రెండు లక్షలు మా అన్నయ్య ఇచ్చినవే. ఎవరు ఏ చిన్న సాయం చేసినా నాకు తల కొట్టేసినట్టుంటుంది. అన్నీ ఒక నోటుబుక్కులో వెలతో సహా రాసుకుంటున్నాను, ఆ పేజీ ఫొటో పంపుతున్నాను. అప్పు తీరేదాకా ఎవరి దగ్గరా మంచినీళ్లు కూడా పుచ్చుకోనని అన్నవరంలో మొక్కుకుందామని ఉంది. మొక్కుకోవచ్చా? ధైర్యంగా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: మొక్కు సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. అన్నవరం వెళ్లండి, స్వామిని చూడండి, ప్రసాదం తినండి, తిరిగి రండి. ఇలాంటి మొక్కు నెత్తిన పెట్టడానికి సత్యనారాయణ స్వామి మీకేం అపకారం చేశాడు? ఏడుకొండలవాడికే కుబేరుడి బాకీ ఇంకా తీరలేదంటారు మనవాళ్లు. ఆయనేమన్నా తలుపులు వేసుకుని కూర్చున్నాడా? ఎవరొస్తే వాళ్లకు దర్శనం ఇస్తున్నాడు, ఇచ్చింది పుచ్చుకుంటున్నాడు.

ధైర్యం సంగతి కూడా ఒక్క మాటలో అయిపోతుంది. రాత్రి పదకొండు దాకా ఫాల్స్ కుట్టి, ఆ తర్వాత ఫోనులో ధైర్యం చెప్పే వీడియోలు చూస్తున్నానని రాశారు. ఆ అరగంట పడుకోండి.

ఇక మీరు అడగని విషయానికి వస్తాను. మీ నోటుబుక్కు పేజీని ఫోనులో పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. స్కేలు పెట్టి ఎర్ర గీతలు కొట్టారు. ఎడమ పక్క పేరు, మధ్యలో సాయం, కుడి పక్క వెల. పక్కింటి మామ్మగారు, పాల ప్యాకెట్లు రెండు, 64. షాపు ఓనరు, జ్వరం వచ్చిన రెండు రోజులు జీతం కోయలేదు, 900. ఆటో అబ్బాయి, వానలో దింపి డబ్బులు వద్దన్నాడు, 40. కుట్టు మిషను బాగుచేసిన సాయిబుగారు, 150. ఆ కింద అన్నయ్య, బియ్యం 25 కిలోలు, 1,400. వదిన, ఆవకాయ జాడీ, 300.

ఇంత శుభ్రంగా లెక్క రాసే మనిషి తన పద్దు ఎందుకు రాసుకోలేదా అనిపించింది నాకు. సాయిబుగారు 150 వద్దంటూ ఏమన్నారో మీ ఉత్తరంలోనే ఉంది: "మా అమ్మాయి పెళ్లికి జాకెట్లన్నీ రాత్రికి రాత్రి కుట్టిచ్చావు కదమ్మా." మామ్మగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడు రాత్రులు మంచం పక్కన కూర్చుంది మీరేనని కూడా రాశారు, ఏదో మాటల్లో. ఆ మూడు రాత్రులకు వెల ఎంత వేశారమ్మా? ఆ పేజీలో వచ్చిందే ఉంది, ఇచ్చింది లేదు. అది లెక్క ఎలా అవుతుంది?

మా ఇళ్లలో పక్కవాళ్లు గిన్నెలో కూర పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపేవాళ్లు కాదు. మా అమ్మ అయితే పెరట్లో నాలుగు కరివేపాకు రెబ్బలైనా తుంచి వేసేది. కూరకు కరివేపాకు ఏ మూలకని ఎవరూ అనలేదు. మీకు చీరల పని వచ్చు. మామ్మగారి చీరకు ఒక ఫాల్ కుట్టిపెట్టండి, 64 కొట్టేయండి. ఇలాంటివి ఎంత త్వరగా కొట్టేస్తే అంత మంచిది. ఆ పేజీలో మీకు నిజంగా గుచ్చుకుంటున్నవి చివరి రెండు పద్దులే.

జూన్ నెలలో జరిగిన సంగతి మీరు మూడు వాక్యాల్లో తేల్చేశారు. నేను అక్కడే ఆగిపోయాను. మీ అన్నయ్య ముమ్మిడివరం పక్క పల్లె నుంచి, దాళ్వా బియ్యం బస్తా ఒకటి, ఆవకాయ జాడీ ఒకటి పట్టుకుని, యానాం వంతెన మీదుగా బస్సులో వచ్చాడు. కింద నుంచి ఫోను చేశాడు. మీరు షాపులో ఉన్నానని చెప్పారు. నిజానికి ఇంట్లోనే ఉన్నారు. లైటు ఆపేసి, ఫ్యాను కూడా ఆపేసి, ఆ ఉక్కపోతలో వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆయన రెండు మెట్ల వరసలు ఎక్కి వచ్చి, తాళం లేని తలుపు చూసి, ఏమీ అనకుండా ఆ రెండూ మామ్మగారింట్లో పెట్టి వెళ్లిపోయాడు.

తాళం లేని తలుపును ఆయన చూశాడమ్మా. మీరు లోపలే ఉన్నారని ఆయనకు తెలుసు. ఆ మర్నాడు మీకు ఫోను చేసి "బియ్యంలో మట్టిగడ్డలు ఉంటాయేమో, ఏరుకో" అని మాత్రం అన్నాడట. నేనైతే అలా అనలేకపోయేదాన్ని. గట్టిగా తిట్టేదాన్ని.

మీ బాధ అప్పు కాదనను. 8,60,000 చిన్న మొత్తం కాదు, మీ ఇద్దరి సంపాదన కలిపి 35,000 దాటని ఇంట్లో. కానీ అప్పు నెలనెలా కొంత తగ్గుతోంది. మీకూ మీ అన్నయ్యకూ మధ్య దూరమే పెరుగుతోంది. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ, ఐదు రూపాయల వడ్డీకి ఇచ్చినాయన, వాళ్ల వరసలో మీ అన్నయ్యను నాలుగోవాడిగా నిలబెట్టేశారు. పైగా ఆ ముగ్గురి ఫోనూ ఎత్తుతున్నారు, ఆయన ఫోను మాత్రం ఇప్పుడు ఎత్తడం మానేశారు.

కారణం వదిన అన్న మాట. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు "ఆ రెండు లక్షలుంటే పెద్దదాని కాలేజీ ఫీజుకు ఇబ్బంది ఉండేది కాదు" అని ఆవిడ ఎవరితోనో అంటుంటే మీ చెవిన పడింది. అప్పటి నుంచి పుట్టింటి గడప తొక్కలేదు.

ఇందులో తప్పేముంది? ఆవిడ అన్నది నిజమే కదా. ఆ డబ్బు ఆవిడ ఇంటిది. రెండెకరాల రైతు కుటుంబంలో రెండు లక్షలంటే ఎన్ని సార్వాల, ఎన్ని దాళ్వాల మిగులో మీకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ పుట్టిన మనిషి మీరు. ఇచ్చే రోజున ఆవిడ అడ్డం పడలేదు, మీ ముఖం మీద ఒక్క మాట అనలేదు. తన ఇంట్లో తన కష్టం చెప్పుకుంది. ఆడపడుచుకు అప్పిచ్చిన కోడలు నోరు కూడా కుట్టేసుకోవాలా? ఆ మాట అన్నావిడే వేసవిలో మీ కోసం ఆవకాయ కలిపింది. మీరు ఆ మాటను మనసులో పెట్టుకుని ఆవకాయకు 300 వేశారు.

దీన్ని మీరు ఆత్మాభిమానం అనుకుంటున్నారు. తిరిగి ఇవ్వాలన్న పట్టుదల ఆత్మాభిమానం. అది మీకు నిండుగా ఉంది, ఉండాలి కూడా. నేనెప్పుడూ అన్నదమ్ముల డబ్బు ఎగ్గొట్టమనే మనిషిని కాను. కానీ ఇచ్చినవాడి ముఖం చూడలేకపోవడం వేరు. దానికి నేను ఆ పేరు పెట్టను.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా నాన్నగారు ఒకరికి హామీ సంతకం చేసి మునిగారు. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాలుగు వేలు సర్దాడు. అది తీర్చేదాకా అమ్మ పుట్టింటికి వెళ్లలేదు. తొమ్మిదేళ్లు! ఆ మధ్యలో మావయ్య పెద్దకూతురి పెళ్లి అయింది, దానికీ వెళ్లలేదు. చివరికి వడ్డీతో సహా పట్టుకెళ్లి చేతిలో పెడితే మావయ్య లెక్క కూడా పెట్టుకోకుండా పక్కన పెట్టేసి, "పిల్ల పెళ్లికి ఎందుకు రాలేదక్కా?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది తప్ప ఏమీ చెప్పలేకపోయింది.

మీరేం చేయాలంటే, అన్నయ్యకు నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టండి. ఫోనులో పంపించకండి. రెండు మూడు నెలలకోసారి మీరే వెళ్లి, వదిన చేతికి ఇవ్వండి. ఆయన వద్దంటాడు, ఆవిడ తీసుకుంటుంది. తీసుకోవాలి కూడా. అక్కడే భోంచేయండి. వెయ్యి చొప్పున అయితే రెండు లక్షలు తీరడానికి పదహారేళ్లు దాటుతుందని మీరు లెక్క వేస్తారని నాకు తెలుసు. మిగతావి తీరాక ఆ వెయ్యి ఐదు వేలవుతుంది. వదిన మాట మీరు విన్నారన్న సంగతి మాత్రం ఎత్తకండి. అన్నీ చెప్పేసుకుంటేనే మనసులు కలుస్తాయన్న నమ్మకం నాకు లేదు.

ఆ వెయ్యి ఎక్కడి నుంచి వస్తుందంటారేమో. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నర ఉంది చూశారా, నెలకు 7,500 అది ఒక్కటే తినేస్తోంది. ఏడాదికి 90,000. రెండేళ్లు అన్నింటికన్నా ముందు దానికే వడ్డీ కడుతూ, అసలు కదపకుండా వచ్చారు, ఆయన ఇంటికొచ్చి అరుస్తాడని. బీరువాలో మూడు కాసుల గొలుసు ఒకటి మిగిలిందని, తాళిబొట్టు గొలుసు కాబట్టి తాకట్టు పెట్టలేదని రాశారు. సూత్రాలు పసుపుతాడుకు గుచ్చుకోండి. మన అమ్మమ్మలందరూ పసుపుతాడుతోనే కాపురాలు చేశారు. ఇప్పటి బంగారం ధరకు ఆ గొలుసు మీద లక్షన్నర దాకా వస్తుందేమో బ్యాంకులో అడగండి, వస్తే ఐదు రూపాయల వడ్డీ అప్పు తీర్చేయండి. రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 1,500. ప్రభుత్వ బ్యాంకుల్లో బంగారం మీద అంతకంటే తక్కువే ఉంటుంది సాధారణంగా. నెలకు ఆరు వేలు మిగులుతాయి. అందులో ఐదు వేలు అసలుకు కట్టినా వెయ్యి అన్నయ్యది. ఆ వడ్డీ ఆయనకు డబ్బు ఇచ్చేటప్పుడు ప్రోనోటు, ఖాళీ చెక్కులు అన్నీ చేతిలోకి వచ్చాకే నోట్లు బల్ల మీద పెట్టండి. "రేపు వెతికి ఇస్తాను" అంటే మీరు కూడా రేపే రండి. ఈ రెండేళ్లకు ముందు ఎప్పుడైనా అసలులో కొంత కట్టి ఉంటే నోటు వెనక చెల్లు రాశారో లేదో చూసుకోండి.

ఫైనాన్స్ కంపెనీ మనిషి రాత్రి తొమ్మిదింటికి మీ షాపు ఓనరుకు ఫోను చేశాడన్నారు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అప్పుతో సంబంధం లేనివాళ్లకు చేసి పరువు తీయడమూ కుదరదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు వాళ్ల 14448కి ఫోను చేసి ఎలా వెళ్లాలో కనుక్కోండి. ఆ ఫోను వచ్చాక కూడా మీ ఓనరు మిమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. దానికి మీ పేజీలో పద్దు లేదు, గమనించారా?

పొదుపు సంఘం సమావేశాలకు కూడా వెళ్లడం మానేసి, వాయిదా ఎవరి చేతో పంపిస్తున్నారట. వెళ్లండి. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి పక్కన పెట్టి పొదుపు మొదలుపెట్టినప్పుడు వాళ్లలో అప్పు లేనిది ఎవరు? మీ పదిమందిలో ఇంకో ఇద్దరికైనా మీలాంటి ఎర్రగీతల పుస్తకం ఉండి ఉంటుంది. వాళ్లూ మీకు కనపడకుండా తిరుగుతూ ఉండొచ్చు.

మీ ఆయన గురించి "మంచివారే, మాట్లాడరు" అని ఒక్క ముక్క రాశారు. పన్నెండు గంటలు వ్యాను నడిపి వచ్చిన మనిషి మాట్లాడకపోతే నాకేమీ అనుమానం రాదు. రెండేళ్లలో 1,60,000 తీర్చామని ఒక రోజు అన్నం పెడుతూ చెప్పండి. ఆయనకు ఆ అంకె తెలిసి ఉండదు.

దీపావళి అమావాస్య వెళ్లిన రెండో రోజు కార్తీక శుద్ధ విదియ, భగినీ హస్త భోజనం. ఆ రోజు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల చేతి వంట తినాలి. ఇన్నాళ్లూ ఆయన మీకు పెట్టాడు, ఆ రోజు మీరు పెట్టాలి. ఈ రోజే ఫోను చేసి పిలవండి, వదినను కూడా రమ్మనండి. షాపుకు సెలవు పెట్టండి. ఆ దాళ్వా బియ్యమే వండండి, ఇంకా సగం బస్తా ఉందన్నారు కదా. పప్పు, ఒక వేపుడు, పెరుగు చాలు. అరువు తెచ్చి పిండివంటలు చేయొద్దు. ఆయన చీరో జాకెట్ ముక్కో పెడితే కళ్లకద్దుకుని తీసుకోండి, పుస్తకంలో ఎక్కించకండి.

ఆ ఆవకాయ జాడీ మూత కూడా తీయలేదని రాశారు. ఆ రోజు తీయండి, మొదటి ముద్ద వదినకు కలిపి పెట్టండి.