కొడవలి సినిమా కోసం ఇరవై గుంటలు అమ్మాలా?

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీఎస్సీ కంప్యూటర్స్ చదివాడు. ఉద్యోగం ఊసెత్తడు. ఫ్రెండ్స్‌ను రాత్రిపూట మా మామిడితోటకు తీసుకెళ్ళి తొమ్మిది నిమిషాల సినిమా తీశాడు. ముసుగు వేసుకున్నవాడు కొడవలితో ఒక్కొక్కరినీ చంపే కథ. ఇప్పుడు దాన్నే రెండు గంటల సినిమాగా తీస్తానంటున్నాడు, ఎనిమిది లక్షలు చాలంటున్నాడు. కాదంటే హైదరాబాద్‌లో ఏదైనా ఫిల్మ్ కోర్సులో చేర్చమంటున్నాడు. వాళ్ళ నాన్న ఇరవై గుంటలు అమ్మేద్దాం అంటున్నారు. వాడి ఫోన్ వెతికితే అన్నీ నరుకుడు సినిమాలే, ఆ లిస్టు, వాడి ఖర్చుల లెక్క, వాడి సినిమా కూడా పంపుతున్నాను. వాడు తీసినది రెండు నిమిషాలు చూసి భయమేసి ఆపేశాను. చుట్టాలు అడిగితే పిచ్చి సినిమాలు తీస్తాడని చెప్పాల్సి వస్తోంది. వీడి మనసేమైనా పాడైందా? డాక్టరుకు చూపించాలా? కోర్సు మంచిదా, సినిమా తీయనివ్వడం మంచిదా, పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, కోర్సా సినిమానా అన్నది మీరు చివర్లో అడిగిన ఒక్క ముక్క. మిగతాదంతా ‘మా వాడికి ఏమైంది’ అన్న భయమే. ఇలాంటి ప్రశ్నలు నాకు కొత్త కాదు. ఒకరికి కొడుకు గేమింగ్ అంటున్నాడని టెన్షన్, ఇంకొకరికి కూతురు టాటూలు వేయడం నేర్చుకుంటానంటోందని టెన్షన్. పైకి కెరీర్ గురించి అడుగుతారు, లోపల వేరే భయం ఉంటుంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. పోలిక తర్వాత.

మీ అబ్బాయి మనసు పాడవలేదు. నిద్రపోకుండా, తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో కూర్చుంటే, మూగజీవాలను హింసిస్తే, తనకు తాను ఏదైనా చేసుకుంటానని అంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. మీరు రాసినదాంట్లో అలాంటిది ఒక్కటీ లేదు. ఫ్రెండ్స్‌ను ఒకచోటికి చేర్చాడు, చెప్పినట్టు చేయించాడు, మొదలుపెట్టిన పని పూర్తి చేశాడు. ఇరవై ఒకటో ఏట ఈ మూడూ చేయగలిగిన పిల్లలు ఎంతమంది ఉంటారు? భయపెట్టే సినిమాలు ఇష్టపడే పిల్లలు చాలామంది నా దగ్గరికి వచ్చారు. బయట చూస్తే మెత్తగా, మర్యాదగా ఉంటారు. మీరు నిశ్చింతగా ఉండండి.

వాడు తీసినది నేను పూర్తిగా చూశాను. రక్తం టమాటా సాస్ అని తెలిసిపోతోంది, రంగు నారింజలోకి తిరిగింది. ముసుగు మనిషి నడక కూడా కుదరలేదు. కానీ నాలుగో నిమిషంలో ఒక చోటుంది. మొదటి నుంచీ వెనకాల బోరు మోటారు గుయ్యిమంటూ ఉంటుంది, మనం దాన్ని పట్టించుకోం. ఒక అమ్మాయి ఒడ్డు మీద నడిచి వస్తుంటే ఆ మోటారు ఠక్కున ఆగిపోతుంది. కరెంటు పోయిందా అంటే లేదు, దూరంగా ఊళ్ళో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి మెల్లగా షెడ్డు వైపు తల తిప్పుతుంది. స్టార్టర్ డబ్బా మూత ఊగుతూ ఉంటుంది, అంతే. కొడవలి ఇంకా కనిపించనే లేదు, నా ఒళ్ళు జలదరించింది. మోటారు ఆగితే ఎవరో ఆపి ఉండాలన్న సంగతి వ్యవసాయం ఉన్న ఇంట్లో పెరిగినవాడికే తడుతుంది. మీరు ఆపేసిన రెండు నిమిషాల తర్వాతే వాడి పనితనం మొదలైంది.

ఇక్కడ మిమ్మల్ని కాస్త కోప్పడాలి. వాడి ఫోన్ వెతికారు, చూసిన సినిమాల పేర్లన్నీ ఓపిగ్గా రాసి పంపారు, వాడు చేసిన తొమ్మిది నిమిషాలు మాత్రం చూడలేకపోయారు. చుట్టాల ముందు ‘పిచ్చి సినిమాలు’ అన్నారు. అదే పిల్లాడికి ఇష్టం లేని ఇంజనీరింగ్‌లో మేనేజ్‌మెంట్ సీటు కొనడానికి లక్షలు కట్టేటప్పుడు, వాడి మనసు ఎలా ఉందని ఏ ఇంట్లోనూ అడగరు. మీ వాడు మీతో అన్నీ చెప్పే అబ్బాయే. లేకపోతే ఎనిమిది లక్షల లెక్క ఇంట్లో చెప్పేవాడు కాదు, బయట అప్పు చేసేవాడు. ఆ మాట చెప్పే అలవాటు పోగొట్టకండి.

మీవారి సంగతి వేరు. కొడుకు మీద ప్రేమతోనే భూమి అమ్ముదామంటున్నారు. కానీ ఇరవై గుంటలు అమ్మి చేతిలో పెడితే, ఆ పిల్లాడు సినిమా తీయడు, మీ భూమిని వెనక్కి తేవడానికి పరుగెడతాడు. ఆ బరువు వాడి నెత్తిన పెట్టకండి.

ఇప్పుడు నా అనుమానాల సంగతి. సొంత ఊళ్ళో తక్కువ ఖర్చుతో హత్యల సినిమా తీసెయ్, స్టార్లు అక్కర్లేదు, సెట్లు అక్కర్లేదు, ఓటీటీకి అమ్మెయ్, డైరెక్టర్ అయిపో: ఈ మాట ఇప్పుడు పిల్లలందరి నోటా వింటున్నాను. దీనికి అందరూ చూపించే ఉదాహరణ ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’. మీ వాడి లిస్టులోనూ అదే మొదట ఉంది. 1973 ఎండాకాలంలో అమెరికాలోని టెక్సాస్‌లో, రౌండ్ రాక్ పరిసరాల్లో, ఒక పాత పల్లెటూరి ఇల్లే సెట్టుగా తీశారు. లక్షన్నర డాలర్ల లోపు ఖర్చు. 1974లో విడుదలై ఒక్క అమెరికాలోనే మూడు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. పిల్లలకు తెలిసిన కథ ఇంతవరకే. ఆ తర్వాతిది ఎవరూ చెప్పరు, కాబట్టి మీ వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి.

ఆ డబ్బు తీసినవాళ్ళకు రాలేదు. పంపిణీ సంస్థతో ఒప్పందం జరిగి ముందుగా కొంత సొమ్ము చేతికి వచ్చింది. పెట్టుబడిదారులకు, లాయర్లకు, అకౌంటెంట్లకు ఇవ్వాల్సింది ఇచ్చాక, నటులూ టెక్నీషియన్లూ కలిపి ఇరవై మందికి పంచడానికి మిగిలింది 8,100 డాలర్లు. లాభాల్లో వాటా అని రాసుకున్నా, ఆ సంస్థ లెక్కలు సరిగా చూపలేదు, కొన్నేళ్ళకే దివాలా తీసింది. సినిమా ప్రపంచమంతా ఆడుతోంది, చేసినవాళ్ళ చేతిలో చిల్లర. నలభై డిగ్రీలు దాటే ఎండలో, ఎముకల మధ్య, దుర్వాసన మధ్య పనిచేశారు వాళ్ళు. హంతకుడి వేషం వేసిన గనర్ హాన్సెన్ షూటింగ్ అయ్యేదాకా ఉతకని బట్టలతోనే ఉన్నాడు. ఉతికితే రంగు వెలిసి సీన్లు అతకవని భయం, రెండో జత కొనడానికి డబ్బు లేదు.

ఇంకో సంగతి. డైరెక్టర్ టోబీ హూపర్ అప్పటికి ముప్పై ఏళ్ళవాడు. డాక్యుమెంటరీలకు కెమెరామన్‌గా పనిచేశాడు, కాలేజీలో పాఠం చెప్పాడు, అంతకుముందే ఒక సినిమా తీశాడు. కెమెరామన్ డేనియల్ పెర్ల్ టెక్సాస్ యూనివర్సిటీలో సినిమా చదువుకున్నవాడు. ముప్పై ఏళ్ళ తర్వాత 2003లో అదే కథను పెద్ద బడ్జెట్‌తో మళ్ళీ తీసినప్పుడు కూడా కెమెరా పట్టింది ఆయనే. అంటే చదువు లేకుండా, పని నేర్చుకోకుండా నలుగురు కుర్రాళ్ళు ఊరికే వెళ్ళి తీసిన సినిమా కాదది. పేరు చూస్తే రక్తం ఏరులై పారుతుందనిపిస్తుంది గానీ, తెర మీద కనిపించే రక్తం చాలా తక్కువ. భయమంతా శబ్దంలోనూ, ఎడిటింగ్‌లోనూ ఉంది. హూపర్, వేన్ బెల్ కలిసి చేసిన సంగీతంలో పాట లాంటిదేమీ ఉండదు, లోహం గీరుకున్నట్టుండే చప్పుళ్ళే. ఆ కథలో చంపే కుటుంబం కూడా ఊరికే పుట్టుకొచ్చిన రాక్షసులు కాదు. కబేళాలో సుత్తితో పనిచేసినవాళ్ళు, కొత్త యంత్రం వచ్చాక ఆ పని పోయినవాళ్ళు. ఊరి బతుకు తెలిసినవాళ్ళు రాశారు కాబట్టే అంత గట్టిగా తగిలింది. పల్లెటూరివాళ్ళంటే మోటు మనుషులు, చంపేస్తారు అన్నట్టు తీస్తే మాత్రం అది మన ఊరిని మనమే తిట్టుకున్నట్టు. మీ వాడు ఆ దారిలో వెళ్ళలేదు, నాకు నచ్చింది అదే.

ఇక మన దగ్గర లెక్కలు. కత్తిపోట్ల సినిమాకు సెన్సార్‌లో ‘ఏ’ సర్టిఫికెట్ వచ్చే అవకాశమే ఎక్కువ. ‘ఏ’ సినిమాను టీవీలో అలాగే వేయడానికి వీల్లేదు, కత్తిరించి మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కత్తిరించాక ఇలాంటి కథలో ఏం మిగులుతుంది? అంటే శాటిలైట్ డబ్బు, అదే టీవీ హక్కుల డబ్బు మీద ఆశ పెట్టుకోకూడదు. థియేటర్‌లో వేయాలంటే డిజిటల్ ప్రొజెక్షన్ ఛార్జీలు నిర్మాతే కట్టుకోవాలి, పోస్టర్లు, పబ్లిసిటీ అదనం. యూట్యూబ్‌లో పెడితే రక్తం ఎక్కువైనప్పుడు వయసు పరిమితి పడుతుంది, ప్రకటనల ఆదాయం పడిపోతుంది. ఓటీటీలు ముఖం తెలియని కొత్తవాళ్ళ సినిమాను ముందు డబ్బిచ్చి కొనడం అరుదు. చూసిన నిమిషాలను బట్టి ఇస్తామంటే, అది చేతికొచ్చేదాకా డబ్బు కాదు. మీ వాడి ఎనిమిది లక్షల లెక్కలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. కెమెరా అద్దె ఉంది, భోజనాలున్నాయి, లైట్లున్నాయి, డబ్బింగ్ ఖర్చు కూడా లేదు. ఈ సినిమా ఇప్పుడు వద్దు. వాడికి చేతకాదని కాదు, అమ్ముకునే దారి లేదని.

మరి కోర్సు? మీ వాడు చెప్పే ప్రైవేటు కోర్సుల్లో మంచివి ఉన్నాయి, ఫీజు గుంజుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టేవీ ఉన్నాయి. ఒక పరీక్ష చెబుతాను. పోయినేడాది పూర్తి చేసిన ముగ్గురు పిల్లల ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడితో ఆపేయండి. ‘డైరెక్షన్’ అని మాత్రమే రాసి ఉన్న కోర్సుకు డబ్బు కట్టకండి. డైరెక్షన్ డిప్లొమా చూసి సినిమా ఇచ్చేవాళ్ళు ఎక్కడా లేరు. హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్ రూముల్లో ఏళ్ళ తరబడి ‘కో-డైరెక్టర్’ అని చెప్పుకుంటూ ఉన్న పిల్లల్లో చాలామంది చేతిలో ఒక పనితనం లేకుండా వచ్చినవాళ్ళే. సినిమాలో ఉండే ఇరవై నాలుగు క్రాఫ్టుల్లో, అంటే పని విభాగాల్లో, ఏదో ఒకటి చేతిలో ఉంటే ఆకలితో ఉండాల్సిన పని లేదు, అక్కడి నుంచి డైరెక్షన్‌కు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

మీ వాడి చేతిలో ఉన్నది సౌండ్. ఆ మోటారు సీన్ చూశాక నాకు అనుమానమే లేదు. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలు, రెండింట్లోనూ సౌండ్ కోర్సు ఉంది. డిగ్రీ అయినవాళ్ళకే సీటు, సౌండ్‌కైతే ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. ఉద్యోగానికి పనికిరాలేదని మీరు బాధపడుతున్న ఎంపీసీ ఇక్కడ పనికొస్తుంది. పరీక్ష వివరాలు వాడే నెట్‌లో చూసుకోగలడు, అవి నేను రాయను. సీట్లు చాలా తక్కువ, మొదటిసారే రాకపోవచ్చు. రాకపోతే ఆ ఏడాది వృథా అనుకోకండి. హైదరాబాద్‌లో డబ్బింగ్, మిక్సింగ్ స్టూడియోల్లో అసిస్టెంట్‌గా చేరవచ్చు. మొదట్లో జీతం పేరుకే ఉంటుంది, రూము అద్దె మీరు పంపాలి. అది భూమి అమ్మాల్సినంత ఖర్చు కాదు.

ఊళ్ళోనే ఇంకో చిన్న సినిమా తీయనివ్వండి. ఇరవై నిమిషాలు, ఇంట్లో అప్పు చేయకుండా ఇవ్వగలిగినంత డబ్బు, దానికి మించి ఒక్క రూపాయి ఇవ్వకండి. కొన్ని మాత్రం గట్టిగా పట్టుబట్టండి. కొడవలి అట్టతోనో రబ్బరుతోనో చేసినదై ఉండాలి. టెక్సాస్ షూటింగ్‌లో నకిలీ రక్తం వచ్చే గొట్టం పనిచేయక నటి వేలు నిజంగానే కోశారు, మన పిల్లలకు అలాంటి ముచ్చట అక్కర్లేదు. కోళ్ళూ, మేకలూ షాట్‌లో ఉంటే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి పెద్ద తలనొప్పి, ఈ కథకు వాటి అవసరం కూడా లేదు. మోటారు షెడ్డులో రాత్రి షూటింగ్ అంటే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకోవాలి. సర్పంచ్‌కు, పోలీస్ స్టేషన్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే ముసుగు మనిషిని చూసి ఊరు కర్రలతో వస్తుంది. నటించే అమ్మాయి ఇంటికి మీరే వెళ్ళి వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడండి. అది మీరు చేయాల్సిన పని, వాడు చేయగలిగింది కాదు. డబ్బు వస్తే ఎవరికెంత అన్నది పిల్లలందరూ ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టాలి.

మీవారికి నా మాటగా చెప్పండి, ఇరవై గుంటలు ఎక్కడికీ పోవు, అలాగే ఉంచమనండి. సౌండ్ కోర్సుల నోటిఫికేషన్లు వచ్చినప్పుడు రెండింటికీ అప్లై చేయమనండి. ఇరవై నిమిషాల సినిమా ఎడిటింగ్ అయ్యాక, సంగీతం వేయకముందు, ఉత్త శబ్దాలతో ఉన్న ఫైలు నాకు పంపమనండి. చూసి వాడికే నేరుగా రాస్తాను.